మల్లెమొగ్గ ఊదారంగు తిరిగి రాలుతోందా? ముందు మొగ్గ చీల్చి చూడండి

బరంపురం, పర్లాకిమిడి, రాయగడ వైపు మన ఇళ్లలో ఎండాకాలం వచ్చిందంటే ఒకటే మాట: "చెట్టు పచ్చగానే ఉంది, పువ్వే లేదు." వెంటనే గుప్పెళ్లకొద్దీ గత్తం వేస్తారు, నీళ్లు రెట్టిస్తారు, ఏదో మందు కొట్టేస్తారు. ఒక్క మొగ్గ కోసి చూడరు. దయచేసి ముందు ఆ పని చెయ్యండి.

అసలు మొగ్గే వేయకపోతే

ఎండ చాలట్లేదు, లేదా చలికాలంలో కత్తిరించలేదు. రోజుకు కనీసం 6 గంటల ఎండ తగలాలి. మల్లె పూసేది కొత్త చిగురు మీద. అందుకే నవంబరు చివర్లోనో డిసెంబరులోనో నేలమీది చెట్టును 50 సెంటీమీటర్ల ఎత్తుకి, కుండీలోదాన్ని జానెడున్నరకి కత్తిరించాలి. కత్తిరించే ముందు వారం పదిరోజులు నీళ్లు తగ్గించాలి. యూరియా వేస్తుంటే మానెయ్యండి, అది ఆకునే పెంచుతుంది.

మొగ్గ వేసి, ఎదగకుండా ఊదారంగు తిరిగి రాలితే

ఎండదెబ్బ అనుకుని అందరూ మోసపోయేది ఇక్కడే. రంగు మారిన మొగ్గలు పది కోసి, తెల్ల కాగితం మీద గోరుతో నిలువునా చీల్చండి. మొగ్గ మొదలు ఉబ్బి, లోపల రేకులు కుళ్లినట్టు తడిగా ఉండి, వాటి మధ్య ఆవగింజకన్నా సన్నని తెల్లటి పురుగులు కదులుతుంటే అది మొగ్గ ఈగ. ముదిరిన పురుగు కాగితం మీద చటుక్కున ఎగిరి పడుతుంది కూడా. మొగ్గకు గుండ్రటి కన్నం, లోపల నల్లతల ఆకుపచ్చ పురుగు ఉంటే అది వేరు, మొగ్గ తొలిచే పురుగు. అయితే జాజిమొగ్గకు బయట గులాబీ చాయ సహజం, దానికి కంగారు పడొద్దు.

మందు కొట్టినా ఈ ఈగ ఎందుకు పోదంటే, పురుగు మొగ్గ లోపల ఉంటుంది, మందు పైనే ఆగిపోతుంది. వారం తిరక్కుండానే పురుగు ముదిరి కింద మట్టిలో దూరి, అక్కడ గూడు కట్టి, రెండు మూడు వారాలకు ఈగై మళ్లీ లేతమొగ్గలో గుడ్లు పెడుతుంది. ఎండదెబ్బ అనుకుని నీళ్లు ఎక్కువ పోస్తే ఆ తడిమట్టే దానికి ఆసరా. రాలిన మొగ్గలు చెట్టు మొదట్లోనే వదిలేస్తే పురుగును మనమే పెంచినట్టు.

కాబట్టి పోరు మట్టితోనే. రంగు తిరిగిన మొగ్గలన్నీ రోజూ ఏరి, పాలిథీన్ సంచిలో మూతికట్టి రెండురోజులు ఎండలో పడెయ్యండి. కుండీలో పైన రెండంగుళాల మట్టి తీసేసి కొత్తది నింపండి. 12 అంగుళాల కుండీకి గుప్పెడు వేపపిండి అందులో కలపండి. నేలమీది చెట్టయితే మొదలు చుట్టూ పైపైన తిరగవేసి ఎండనివ్వండి. పైమట్టి ఆరాకే నీళ్లు పొయ్యండి. పిన్నుతల సైజు మొగ్గలు కనబడగానే లీటరు నీటికి 5 మిల్లీలీటర్ల వేపనూనె, నాలుగు చుక్కల సబ్బునీళ్లు కలిపి సాయంత్రం చల్లండి. వారానికోసారి, నాలుగు వారాలు వదలకుండా. రెండుసార్లు చల్లి మానేస్తే మట్టిలో మిగిలినవి మళ్లీ లేస్తాయి. కోయాల్సిన మొగ్గలు చల్లకముందే కోసుకోండి, లేకపోతే జడలోకి వేపవాసన వస్తుంది. పక్కన వంగ, టమాటా, మందార ఉంటే వాటి మొగ్గలూ చీల్చి చూడండి. ఈ ఈగ వాటి మీదా బతుకుతుంది.

మిగతావి

ఆకు మీద తెల్లచుక్కలు, అడుగున సన్నని బూజుదారాలు ఉంటే నల్లి. ఆకు అడుగున నీళ్లు గట్టిగా కొట్టండి. ఈనెలు పచ్చగా, మధ్య పసుపుగా ఉంటే ఇనుము అందట్లేదు, కుండీ కన్నం మూసుకుందేమో ముందు చూసుకోండి. వేళ్లకు ముడులు ఉన్నాయేమో కూడా చూసుకోండి. కనబడితే ఆ మట్టి, ఆ మొక్క రెండూ పారేసి కొత్త కొమ్మ నాటుకోండి.