ఖాట్మండు వెళ్తున్నారా? బెల్టు గదిలోనే వదిలేయండి

పశుపతినాథ్ ప్రధాన గుడిలోకి తోలు వస్తువులు తీసుకెళ్లనివ్వరు. చెప్పుల సంగతి మనకు గుర్తుంటుంది గానీ, నడుముకున్న బెల్టు, జేబులోని తోలు పర్సు గేటు దగ్గరికి వెళ్లాకే గుర్తొస్తాయి. డబ్బులు గుడ్డ సంచిలో పెట్టుకోండి. లోపల ఫోటోలు తీయనివ్వరు. మధ్యాహ్నం గర్భగుడి మూసేస్తారు కాబట్టి తెల్లవారుజామునే వెళ్లండి. లింగానికి నాలుగు దిక్కులా ముఖాలు, గర్భగుడికి నాలుగు ద్వారాలు. అందరూ ఒకే వాకిట్లో తోసుకుంటుంటే, చుట్టూ తిరిగి మిగతావీ చూడండి. పూజ చేసే భట్టులు కర్ణాటక నుంచి వచ్చినవాళ్లు, మనకు అంత కొత్తగా ఏమీ అనిపించదు. బాగ్మతి ఒడ్డున చితులు కాలుతుంటాయి. అటు కెమెరా తిప్పకపోవడమే మర్యాద.

బౌద్ధనాథ్ స్తూపం అక్కడికి దగ్గరే, ఓపిక ఉంటే నడిచే వెళ్లొచ్చు. మన గుళ్లలోలాగే కుడివైపు ప్రదక్షిణే. కొండమీదున్న స్వయంభూ స్తూపానికి తూర్పు మెట్లు బాగా నిటారు. మోకాళ్ల నొప్పులున్న పెద్దవాళ్లను కారులో వెనకవైపు నుంచి పైకి తీసుకెళ్లండి. చేతిలో అరటిపండు కనిపిస్తే కోతులు వదలవు.

దర్బార్ స్క్వేర్లు, అంటే పాత రాజభవనాల ముందరి చౌకులు, మూడు: ఖాట్మండు, పాటన్, భక్తపూర్. దేని టికెట్టు దానిదే. మన దేశంతో సహా సార్క్ కూటమి దేశాలవాళ్లకు ధర బాగా తక్కువ, అందుకే పాస్‌పోర్టో ఓటరు కార్డో వెంట ఉంచుకోండి. ఒక్కదానికే టైముంటే నా ఓటు పాటన్‌కే. 17వ శతాబ్దపు రాతి కృష్ణ మందిరం మీద రామాయణ, భారత ఘట్టాలు వరసగా చెక్కి ఉంటాయి, పిల్లలకు చూపిస్తూ కథ చెప్పొచ్చు.