పోలో సైలెన్సర్ పైపుకి ఒక వేలు సందు వదలండి

మొదటిసారి కట్టించిన పైపు షెడ్డులో అతికినట్టు కుదిరింది. గన్నవరం దాటేసరికి కింద టకటక మొదలైంది. చల్లగా ఉన్నప్పుడు కొలిచాం కదా, వేడెక్కితే ఎంత సాగుతుందో నేనూ అడగలేదు, వెల్డరూ చెప్పలేదు. రెండోసారి విజయవాడ ఆటోనగర్‌లో పక్కనే కూర్చుని చేయించుకున్నాను. బండి ఫోక్స్‌వ్యాగన్ పోలో జీటీ టీఎస్ఐ కారు, 1.2 లీటర్ల టర్బో.

పొగలోని విషవాయువుల్ని తగ్గించే క్యాటలిటిక్ కన్వర్టర్ జోలికి పోకండి. నేను దాని వెనక నుంచే మార్చాను. పొగ, శబ్దం హద్దు దాటితే మోటారు వాహనాల చట్టం 190(2) కింద మొదటిసారికే 10,000 రూపాయల దాకా జరిమానా, 3 నెలల దాకా జైలు కూడా పడొచ్చు.

"టర్బో బండి సార్, వెనక ప్రెషర్ ఉండాల్సిందే" అంటారు మేస్త్రీలు. నమ్మకండి. టర్బోలో పొగ తోసే చక్రం, అంటే టర్బైన్, తిరిగేది దాని ముందూ వెనకా ఉన్న ఒత్తిళ్ల తేడాతో. వెనక దారి ఎంత తేలిగ్గా ఉంటే అంత మంచిది. అలాగని 105 హార్స్‌పవర్ బండికి మూడంగుళాల పైపు దండగ. నాది రెండుంపావు అంగుళాలు, 1.5 మిల్లీమీటర్ల మందం, 304 స్టెయిన్‌లెస్. చవకని జీఐ పైపు, అంటే జింకు పూసిన ఇనుప పైపు, తెస్తే ఒప్పుకోవద్దు, వెల్డింగులో వచ్చే జింకు పొగ ఒంటికి మంచిది కాదు.

అసలు పనంతా టాకులు, అంటే పైపు కదలకుండా పెట్టే చిన్న వెల్డింగ్ చుక్కలు, వేయడంలోనే ఉంది. బ్యాటరీ నెగటివ్ వైరు విప్పి, పాత రబ్బరు హేంగర్లకే కొత్త పైపు వేలాడదీసి, అతుక్కి మూడు టాకులు మాత్రమే వేయించండి. ఎర్త్ క్లాంపు పైపు మీదే, వెల్డింగ్ పక్కనే ఉండాలి. ఆ తర్వాత పైపు దింపి బల్ల మీద ఫుల్ వెల్డింగ్. ఆర్గాన్ వెల్డింగ్, 308ఎల్ రాడ్డు. పైపు లోపలికి కూడా ఆర్గాన్ వదలాలి. గ్యాస్ ఖర్చని దీన్ని ఎగ్గొడతారు. అప్పుడు లోపలి అతుకు మాడిన పంచదారలా గరుకుగా తయారై, పగుళ్లు అక్కడే మొదలవుతాయి.

ఇక పైపుకీ యాక్సిల్‌కీ మధ్య వదలాల్సిన సందు లెక్క. 304 స్టీలు మీటరు పొడవుకి, ప్రతి 100 డిగ్రీల వేడికి సుమారు 1.7 మిల్లీమీటర్లు సాగుతుంది. రెండున్నర మీటర్ల పైపు 300 డిగ్రీలు వేడెక్కితే దాదాపు 13 మిల్లీమీటర్లు. ముందు బోల్టులతో బిగించే ఫ్లాంజి కదలదు కాబట్టి సాగినదంతా వెనక్కే పోతుంది. అందుకే చల్లగా ఉన్నప్పుడు హేంగర్లు కాస్త ముందుకి వాలి ఉండాలి. లిఫ్ట్ మీద చక్రాలు వేలాడుతుంటాయి, అక్కడ కనిపించే సందు నిజం కాదు. నేనైతే బండి దింపించి, వెనక సీట్లో ముగ్గుర్ని కూర్చోబెట్టి, యాక్సిల్ దగ్గర వేలు పెట్టి చూశాను.

మోత సంగతి కూడా చెప్పాలి. నాలుగు సిలిండర్లకి 2,400 ఆర్‌పీఎం దగ్గర సెకనుకి 80 పేలుళ్లు, కారులో చెవులు దిమ్మెక్కేది ఆ గుంయ్‌మనే మోతకే. దాన్ని అణచడానికి చివర మూసిన పక్కగొట్టం పెట్టాలంటే దగ్గరదగ్గర 1.4 మీటర్లు కావాలి. పోలో కింద అంత చోటెక్కడిది? గదులున్న పెద్ద సైలెన్సర్‌తో సర్దుకున్నాను. కుర్రాళ్లకి నచ్చదు గానీ, మా ఇంట్లోవాళ్లు మళ్లీ కారెక్కుతున్నారు.

బిగించాక ఇంజిన్ చల్లగా ఉండగానే వెనక నుంచి బ్లోయర్‌తో గాలి కొట్టి, అతుకులకి సబ్బునీళ్లు రాయండి. బుడగ వస్తే లీకే. వంద కిలోమీటర్లు తిరిగాక క్లాంపులు మళ్లీ బిగించి, యాక్సిల్ పక్కన పైపు మీద మెరిసే గీత ఉందేమో టార్చి వేసి చూడండి. ఉంటే అక్కడ తగులుతోందన్నమాట. ఈసారి నా పైపు మీద దుమ్ము తప్ప గీత లేదు.