అడ్రస్ బార్‌లో వెతికితే ఎక్కడికో పోతుంటే

పోయిన నెల నాన్న ఫోన్ చేసి, "ఏం వెతికినా ప్రకటనలే వస్తున్నాయిరా" అన్నారు. ఇంటికెళ్లి చూశాను. క్రోమ్ అడ్రస్ బార్‌లో "వరి మద్దతు ధర" అని కొట్టి ఎంటర్ నొక్కగానే, ఎప్పుడూ వినని పేరొకటి పైన క్షణంపాటు కనిపించి, వేరే పేజీ తెరుచుకుంది. మొదటి నాలుగూ ప్రకటనలే.

సెట్టింగ్స్‌లో సెర్చ్ ఇంజిన్ దగ్గర గూగుల్ పెడదామంటే మార్చనివ్వలేదు. ఆ సెట్టింగ్ ఒక ఎక్స్‌టెన్షన్ (బ్రౌజర్‌కి అదనంగా తగిలించుకునే చిన్న ప్రోగ్రామ్) అదుపులో ఉందని అక్కడే చిన్న అక్షరాల్లో ఉంది. నేనది చదవకుండా రెండుసార్లు బ్రౌజర్ తీసేసి మళ్లీ వేశాను. లాగిన్ కాగానే, ఖాతాలో దాచినవన్నీ తిరిగి తెచ్చే సింక్‌తో పాటు ఆ ఎక్స్‌టెన్షనూ తిరిగొచ్చేది. చాలా టెన్షన్ పడ్డాను.

చివరికి మూడు చుక్కల మెనూలో ఎక్స్‌టెన్షన్స్ తెరిచాను. పీడీఎఫ్‌ని వర్డ్‌గా మారుస్తుందని నాన్న వేసుకున్నది కనిపించింది. ఊరికే ఆఫ్ చేయకుండా పూర్తిగా రిమూవ్ చేశాను. గూగుల్ వెంటనే తిరిగొచ్చింది. జాబితాలో మిగిలిన తెలియని పేర్లూ తీసేశాను.

తర్వాత సెట్టింగ్స్‌లో సెర్చ్ ఇంజిన్ దగ్గరే, అడ్రస్ బార్ నుంచి నేరుగా ఒక సైట్‌లో వెతకనిచ్చే సైట్ సెర్చ్‌లో తెలుగు వికీపీడియాని చేర్చి, షార్ట్‌కట్‌గా "తెవి" అని పెట్టాను. అక్కడిచ్చే వికీపీడియా అడ్రసులో, వెతికే మాట రావాల్సిన చోట శాతం గుర్తు, దాన్ని ఆనుకుని ఇంగ్లీషు చిన్న ఎస్ (%s) ఉండాలి. ఇప్పుడు నాన్న "తెవి" కొట్టి, ట్యాబ్ నొక్కి, కావాల్సిన పేరు రాసుకుంటున్నారు. ధవళేశ్వరం ఆనకట్ట పని 1847లో మొదలైందని నిన్న నాకే చెప్పారు.