సీఎస్‌పీకి పల్లెకు వెళ్తున్నారా? ఎసరు ఏ నీళ్లతో పెడతారో అడగండి

రెండో సెమిస్టర్ పరీక్షలు అయిపోయాయంటే చాలు, మా కాలేజీలో అందరిదీ ఒకటే ప్రశ్న: "సీఎస్‌పీకి ఏ ఊరు?" కమ్యూనిటీ సర్వీస్ ప్రాజెక్టు అంటే 180 గంటలు, నాలుగు క్రెడిట్లు. చేతిలో లాగ్‌బుక్, చివర్లో రిపోర్టు, వైవా. "ఎండలో ఎందుకే తిరగడం, నా రిపోర్టు ఇస్తా, ఊరి పేరు మార్చుకో" అని సీనియర్ అక్క ఒకామె పెన్‌డ్రైవ్ కూడా ఇచ్చింది. తెరిచి చూస్తే నెల్లూరు జిల్లా మెట్ట ఊరికి కాఫీ తోటలున్నాయి అందులో. అది ఎన్ని చేతులు మారి అక్కకు చేరిందో! ఆ దారిలో పోయేవాళ్లకు నేను చెప్పేదేమీ లేదు. నిజంగా ఊరికి వెళ్లేవాళ్ల కోసమే ఇది రాస్తున్నా.

మాది కావలి. బీఎస్సీ కెమిస్ట్రీ వాళ్లం నలుగురం, ఇద్దరు అమ్మాయిలం, ఇద్దరు అబ్బాయిలు. మేం వెళ్లిన ఊరు వింజమూరు దాటాక ఉదయగిరి వైపు ఉంటుంది. రోడ్డు మీద బస్సు దిగాక ఆటో దొరికితే ఆటో, లేకపోతే నడకే. ఆ ఊరినే ఎందుకు ఎంచుకున్నామంటే, మా ఫ్రెండు మేనత్త ఇల్లు అక్కడుంది. ఊరు ఎంచుకునేటప్పుడు రాత్రి ఎక్కడ పడుకుంటారు, బాత్‌రూమ్ ఉందా, ఆఖరి బస్సు ఎన్నింటికి అనేవి ముందు చూసుకోండి. రోజూ కావలి నుంచి వెళ్లొస్తే ఊరు ఖాళీగా ఉండే వేళే మీకు దక్కుతుంది. ఎలాగో చెప్తాను.

మొదటిరోజు కాలేజీ లెటర్ పట్టుకుని సచివాలయానికి, సర్పంచి ఇంటికి వెళ్లండి. అది అరగంట పని. ఆ తర్వాత రచ్చబండ దగ్గరే కూలబడిపోకుండా కాలనీకి వెళ్లండి. మా పక్క చాలా ఊళ్లలో ఊరు వేరు, కాలనీ వేరు, బోరింగులు కూడా వేరు. చివరి రోజున కాలనీలో నాలుగు ఇళ్లు తిరిగి 'సర్వే పూర్తి' అని రాసిన టీములు నాకు తెలుసు. ముందు అక్కడికే వెళ్తే ఊళ్లోవాళ్లు కొంచెం వింతగా చూస్తారు. చూడనివ్వండి.

మేం ఫారాలు పట్టుకుని బయల్దేరింది పొద్దున పదింటికి. ఏ ఇంటికి చూసినా తాళమే. మే నెలలో ఆరింటికల్లా అందరూ ఉపాధి పనికి పోతారు, చెరువు పూడిక తీయడానికి. పదకొండు దాటాక వచ్చి స్నానం చేసి, తిని, పడుకుంటారు. ఆ నిద్ర చెడగొట్టి "మీ ఇంట్లో ఎంతమంది?" అని అడిగితే ఎవరైనా ఏం చెప్తారు? మూడు రోజులు ఇలాగే పోయాయి. నాలుగో రోజు ఉపాధి పని చూసే ఫీల్డ్ అసిస్టెంట్‌ను అడిగి చెరువు దగ్గరికే వెళ్లాం. పని మధ్యలో అందరూ చెట్టు కింద చేరి నీళ్లు తాగుతారు. అప్పుడు విన్న ముప్పావు గంట మాటలు అంతకుముందు మూడు రోజుల ఫారాలకంటే ఎక్కువ. సాయంత్రం ఐదు నుంచి ఏడు కూడా మంచి వేళే, కాకపోతే ఆడవాళ్లు పొయ్యి దగ్గర ఉంటారు. మీరూ వెళ్లి పొయ్యి దగ్గరే కూర్చోండి, ఒక చిక్కుడుకాయల చాట ముందేసుకుని.

కాలేజీలో ఇచ్చే ఫారాన్ని ఉన్నదున్నట్టు చదవకండి. 'నెలసరి ఆదాయం' అనగానే రేషన్ కార్డు పోతుందేమో, పింఛను ఆగుతుందేమో అని భయం. అందరూ "ఏముంది నాయనా, ఏమీ లేదు" అనే అన్నారు. దాన్ని కొట్టేసి ఎన్ని బర్రెలు, ఎంత సేద్యం, ఇంట్లో ఎవరైనా హైదరాబాదుకో బెంగళూరుకో పనికి పోయారా అని అడిగాం. జవాబులు వచ్చాయి. ఆధార్ నంబరు మాత్రం ఎవరు ఇస్తామన్నా తీసుకోకండి, మీకు దానితో పని లేదు. "ఇల్లు ఇప్పిస్తారా పాపా?" అని అడిగే ముసలివాళ్లు తప్పకుండా ఉంటారు. "మేం చదువుకునే పిల్లలం అవ్వా, మా చేతిలో ఏమీ లేదు" అని మొదటి మాటలోనే చెప్పేయండి. వాళ్లు అయ్యో అనుకుని మజ్జిగ ఇస్తారు. అబద్ధం చెబితే మళ్లీ ఆ వీధిలో నడవలేరు.

ఇక నీళ్ల సంగతి. ఉదయగిరి పక్క నీళ్లలో ఫ్లోరైడ్ ఉంటుందని తెలిసే మేం ఆ టాపిక్ తీసుకున్నాం. ఫారంలో "మీరు ఏ నీరు తాగుతారు?" అని ఒక ప్రశ్న. అందరి జవాబూ ఒకటే: "క్యాను నీళ్లు." ఊళ్లో ఫ్లోరైడ్ తీసేసే ఆర్వో ప్లాంటు ఉంది, ఇరవై లీటర్లు పది రూపాయలు. ఇంక ప్రాజెక్టు ఏముంది అని డీలా పడిపోయాం. ఆ రాత్రి మేనత్త అన్నానికి ఎసరు పెడుతుంటే చూశాను. బిందెలో నుంచి చెంబుతో ముంచి పోసింది. "అత్తా, అవి ఏ నీళ్లు?" "బోరింగువి. వంటకు క్యాను ఎవరు వాడతారే, ఎన్నని కొనాలి?" ఎసరులోకి, పప్పులోకి, టీలోకి, అన్నింటిలోకీ బోరింగు నీళ్లే. అబద్ధం ఎవరూ చెప్పలేదు, మేం అడిగిందే సగం.

నీళ్లు పరీక్షించేటప్పుడు ప్లాస్టిక్ సీసా తీసుకోండి. గాజుతో ఫ్లోరైడ్ చర్య జరుపుతుంది కాబట్టి గాజు సీసా వద్దు. బోరింగును కొన్ని నిమిషాలు కొట్టి, పైపులో నిలవున్న నీళ్లు పోయాక, అవే నీళ్లతో సీసాను రెండు మూడుసార్లు కడిగి నింపండి. తేదీ, చోటు అప్పుడే రాసేయండి, ఇంటికి వెళ్లాక గుర్తుండదు. ఫీల్డ్ కిట్‌లో రీఏజెంట్ కలిపితే నీళ్లు గులాబీ రంగుకు వస్తాయి. ఫ్లోరైడ్ పెరిగేకొద్దీ ఆ గులాబీ పసుపులోకి దిగుతుంది. రంగును చార్టుతో పోల్చి చూడాలి. తాగునీటికి మన ప్రమాణం లీటరుకు 1 మిల్లీగ్రాము, వేరే దారి లేకపోతే 1.5 వరకు. కిట్ చెప్పేది అంచనాయే. ఎక్కువ వచ్చినవాటిని గ్రామీణ నీటి సరఫరా విభాగం ల్యాబ్‌లో మళ్లీ చూపించాలి.

ఊళ్లో రెండు బోరింగులు చూశాం. గుడి దగ్గరిది ఉప్పన, పప్పు ఉడకదు, సబ్బు నురగ రాదు. పడమటి వీధిది తియ్యన. ఆ వీధి అవ్వ ఒకామె మా పక్కనే గొంతుక్కూర్చుని, "మా నీళ్లకేం పాపా, పప్పు వెన్నలాగా ఉడుకుద్ది" అంది. కిట్‌లో రెండు సీసాలు పక్కపక్కన పెట్టాం. గుడి దగ్గరి నీళ్లు గులాబీగానే ఉన్నాయి. అవ్వ వీధి నీళ్లు మా కళ్లముందే పసుపుకు తిరిగాయి, చార్టులో 2 దాటి. నాకు మాట రాలేదు. తర్వాత క్లాసు పుస్తకం తీస్తే అర్థమైంది. కాల్షియం ఎక్కువుంటే నీళ్లు గట్టిబడతాయి, పప్పు ఉడకదు. అదే కాల్షియం ఫ్లోరైడ్‌ను పట్టుకుని కిందికి దించేస్తుంది. కాల్షియం తక్కువైన మెత్తటి నీళ్లలో ఫ్లోరైడ్ అలాగే కరిగి ఉండిపోతుంది. అన్నిచోట్లా ఇలాగే ఉంటుందని కాదు, రుచిని బట్టి చెప్పలేం అని. ఫ్లోరైడ్‌కు రుచీ వాసనా ఉండవు.

అవ్వ అడిగింది: "అయితే పప్పు ఉడికే నీళ్లు పాడు, ఉడకని నీళ్లు మంచివా? ఇదేం చదువే మీది!"

ఇక్కడే మేం ఒక తప్పు చేశాం, మీరు చేయకండి. అవగాహన కార్యక్రమం కోసం ముందే చార్టులు రాసుకుని వెళ్లాం. ఒకదాని మీద పెద్ద అక్షరాలతో 'నీళ్లు కాచి చల్లార్చి తాగండి' అని ఉంది. అంగన్‌వాడీ గోడకు అంటిస్తుంటే ఏఎన్ఎం అక్క చూసి, "కెమిస్ట్రీ అన్నారు కదమ్మా, కాస్తే ఫ్లోరైడ్ పోతుందా?" అంది. పోదు. క్రిములు చస్తాయి, నీళ్లు ఆవిరై తగ్గుతాయి, ఫ్లోరైడ్ ఉన్నదంతా మిగిలిన నీళ్లలోనే చిక్కబడుతుంది. సిగ్గుతో తల ఎత్తలేకపోయాను. చార్టులు కాలేజీలో రాయకండి, ఊరు చూశాక రాయండి.

ఇంకొకటి, ఫ్లోరైడ్ వల్ల వచ్చే పళ్ల గార గురించి ఎవరినీ ముఖాన అడగవద్దు, ఫొటో అసలే వద్దు. అది చిన్నప్పుడు పళ్లు తయారయ్యే వయసులో తాగిన నీళ్ల గుర్తు. వేరే ఊరి నుంచి వచ్చిన కోడళ్ల పళ్లు తెల్లగా ఉంటే, ఆ ఊళ్లో పుట్టిన ఆడపిల్లలు కొందరు నవ్వేటప్పుడు చున్నీ కొస అడ్డం పెట్టుకునేవారు. మేం దాన్ని లాగ్‌బుక్‌లో రాయలేదు.

'బోరింగు వాడకండి' అంటే ఎవరూ వినరు, డబ్బు లెక్క కాబట్టి. అందుకే లీటరు సీసాతో మేనత్త వంటను కొలిచాం. ఐదుగురి ఇంట్లో ఒక పూట అన్నం, పప్పు ఎసరుకు నాలుగైదు లీటర్లు పట్టింది. బియ్యం, కూరగాయలు, గిన్నెలు కడగడం బోరింగు నీళ్లతోనే కానివ్వొచ్చు, ఎసరు మాత్రం క్యానుది. అంటే రెండు పూటలకు అర క్యాను, రోజుకు ఐదు రూపాయలు. గుడి వైపు వాళ్లు గబుక్కున ఒప్పుకున్నారు, పప్పు తొందరగా ఉడికి గ్యాసు మిగులుతుందని. అవసరం ఉన్నది పడమటి వీధికి, వాళ్ల పప్పేమో ముందే ఉడుకుతోంది! ఆ వీధిలోనే ఎక్కువ సాయంత్రాలు గడిపాం. మీరు కూడా గంటలన్నీ ఊరంతా సమానంగా పంచకండి.

లాగ్‌బుక్ ఏ రోజుది ఆ రోజే రాయండి. వైవాలో ర్యాలీలు ఎన్ని తీశారని అడుగుతారు, ఒకటి తీసి ఫొటో పెట్టుకుంటే సరి. వచ్చేటప్పుడు ఉదయగిరి చెక్క గరిటెలు కొనుక్కోండి, బాగుంటాయి.

దసరా సెలవుల్లో మళ్లీ వెళ్లాను. అవ్వ ఇంట్లో రెండు బిందెలు, ఒకదాని మెడకు పసుపు దారం. కోడలు తికమక పడకుండా ఎసరు బిందెకు గుర్తట. మూత తీసి చూస్తే అందులోనూ బోరింగు నీళ్లే. ప్లాంటు మోటారు కాలి వారమైంది, ఎవరు చేయించాలో తేలలేదు. మీరు మాత్రం ఊరు వదిలే ముందు ప్లాంటు ఎవరి చేతిలో ఉంది, పాడైతే ఎవరికి ఫోన్ చేయాలి, మెకానిక్ ఎక్కడినుంచి రావాలి అని అడిగి, పడమటి వీధిలాంటి చోట నాలుగు ఇళ్లలో రాసిచ్చి రండి. మేం అడగలేదు.