సభ్యత్వ లేఖ మీద సంతకం అడిగినప్పుడు

అడ్మిషన్ల సీజన్‌లో మా ఇంటికి చుట్టాల రాక ఎక్కువ. క్రైస్తవ కాలేజీల్లో మైనారిటీ సీటుకి బాప్తిస్మం సర్టిఫికెట్, సంఘ సభ్యత్వ లేఖ అడుగుతారు. మా సంఘం రిజిస్టరు నా దగ్గరుంటుంది. పాస్టరు గారికంటే ముందు నేను సంతకం పెట్టాలి.

ఈ పని కొత్తగా చేపట్టినవాళ్లకు నేను చెప్పేది ఒకటే: వచ్చినవాళ్లు కాఫీ తాగేలోపు రిజిస్టరు తెరవండి. పేరు, బాప్తిస్మం తేదీ, తల్లిదండ్రుల పేర్లు ఉంటే ఉన్నది ఉన్నట్టు రాసివ్వండి. లేకపోతే అప్పుడే చెప్పేయండి. "చూద్దాంలే" అనొద్దు. మన వైపు ఆ మాటకు "సరే" అనే అర్థం. మత్తయి 5:37లో ప్రభువు అవునంటే అవును, కాదంటే కాదు అన్నాడు గానీ మూడోది చెప్పలేదు. మొహమాటానికి పోతే ఏమవుతుందో మనకో సామెత ఉంది, చర్చిలో చెప్పేది కాదు లెండి.

మా తోటికోడలు ఒకసారి కొడుక్కి అయిదేళ్ల సభ్యత్వం రాయమంది. వాడు గుడికి రావడం మొదలెట్టిందే ఆ ఈస్టరుకి. "ఏం పోయింది అక్కా, రెండు ముక్కలే గదా! మావాడు మంచోడని దేవుడికి తెలీదా?" అంది. "దేవుడికి తెలుసమ్మా. కాలేజీ వాళ్లు అడిగేది నన్ను కదా" అన్నాను. ఈస్టరు నుంచి వస్తున్నాడని రాసిస్తానన్నాను. వద్దని లేచి వెళ్లిపోయింది.

ఇప్పటికే అబద్ధపు లేఖ మీద సంతకం పెట్టేసినవాళ్ల సంగతి ఇంకా కష్టం. 1 సమూయేలు 15వ అధ్యాయం నెమ్మదిగా చదవండి. శత్రువులైన అమాలేకీయుల పశువులతో సహా అన్నీ నాశనం చేయమని దేవుడు చెప్పినా, సౌలు రాజు వాటిలో మంచివాటిని ఉంచుకున్నాడు. సమూయేలు ప్రవక్త నిలదీస్తే ముందు జనం మీదికి నెట్టాడు, తర్వాత జనానికి భయపడి పాపం చేశానని ఒప్పుకున్నాడు. అక్కడితో ఆగినా బాగుండేది. పెద్దల ముందు తన పరువు నిలబెట్టమని అడిగాడు! ఒప్పుకోలులో కూడా జనాన్నే చూసుకున్నాడు.

మన దగ్గరా ఇది జరుగుతుంది. ఆదివారం సాక్ష్యాల సమయంలో మైకు పట్టుకుని ఏడుస్తారు, అందరూ ఆమేన్ అంటారు. కాలేజీ ఫైల్లో అబద్ధం మాత్రం అలాగే ఉంటుంది. లూకా 19లో పన్నులు వసూలు చేసే జక్కయ్య మాత్రం అందరూ సణుగుతుండగానే ప్రభువుకి లెక్క చెప్పాడు: ఆస్తిలో సగం బీదలకు, అన్యాయంగా తీసుకున్నదానికి నాలుగింతలు.

కాబట్టి మైకు తర్వాత. ముందు ప్రార్థన చేసుకుని పాస్టరు గారికి చెప్పండి. తర్వాత ఆ కుటుంబం ఇంటికెళ్లి, ఫలానా రోజు కాలేజీకి రాస్తున్నానని ముందే చెప్పండి. వాళ్లకు వేరేవాళ్ల ద్వారా తెలియకూడదు. కేకలేస్తారు, వినండి. ఆ తర్వాత లేఖ. మూడు ముక్కలు చాలు: ఫలానా తేదీన నేనిచ్చిన లేఖలో అయిదేళ్ల సభ్యత్వం అన్నది నిజం కాదు, మా రిజిస్టరులో అలా లేదు, ఆ లేఖ వెనక్కి తీసుకుంటున్నాను. "బంధువుల ఒత్తిడి వల్ల" అని రాయకండి. అది సౌలు మాట. చేతిలో డబ్బేమైనా పడి ఉంటే అదీ తిరిగివ్వాలి. సంఖ్యాకాండం 5:7 ప్రకారం అసలు మీద అయిదో వంతు కలిపి ఇవ్వాలి, అంటే 5,000 తీసుకుంటే 6,000. ధర్మశాస్త్రం మనకు వర్తించదని వాదించేవాళ్లు ఉంటారు. ఇవ్వాల్సి వచ్చినప్పుడే వాళ్లకది గుర్తొస్తుంది.

పిల్లాడి సీటు పోవచ్చు. పెద్దవాళ్ల అబద్ధానికి వాడు దెబ్బతింటాడు, అది చూస్తే నాకూ కడుపు తరుక్కుపోతుంది. అందుకే ఆలస్యం చేయకండి. క్లాసులు మొదలవకముందే రాస్తే వేరేచోట చేరడానికి టైముంటుంది. ఆ వెతుకులాటలో మీరూ తిరగండి, దరఖాస్తు ఫీజు మీరే కట్టండి. ఇంటివాళ్లు మీతో మాట్లాడకపోయినా సరే.