సహజ, క్రూయల్టీ ఫ్రీ చర్మ సంరక్షణ ఉత్పత్తులు కొనదగినవో కావో పరీక్షించడం ఎలా?

ఫేస్‌వాష్, టోనర్, సీరం, మాయిశ్చరైజర్, సన్‌స్క్రీన్ అన్నీ ఒకే పేరుతో, ఆకుపచ్చ పెట్టెలో, క్రూయల్టీ ఫ్రీ, అంటే జంతువులపై పరీక్షించలేదని సూచించే కుందేలు బొమ్మతో సెట్టుగా అమ్మడం ఇప్పుడు సర్వసాధారణమైంది. ఇలాంటి సెట్టు ధర మామూలు ఉత్పత్తుల ధర కంటే చాలా ఎక్కువగా ఉండటం కద్దు. ఆ అదనపు సొమ్ము దేనికి చెల్లిస్తున్నామో తేల్చుకోవడానికి ప్రయోగశాల అవసరం లేదు. పెట్టె వెనక వైపు జాగ్రత్తగా చదవడం, ఒక్కొక్క వస్తువునే తీసుకుని కొన్ని వారాలు ఓపికగా వాడి చూడటం సరిపోతాయి. కింది క్రమాన్ని మాత్రం మార్చవద్దు. చదివినంత మాత్రాన తిరస్కరించదగినవాటిని ముందే పక్కన పెడితే, చర్మం మీద పరీక్షించవలసినవి ఒకటో రెండో మిగులుతాయి.

1. కుందేలు బొమ్మ ఎవరిదో తెలుసుకోండి

మన దేశంలో సౌందర్య సాధనాలను జంతువులపై పరీక్షించడాన్ని 2014లో నిషేధించారు. విదేశాల్లో అలా పరీక్షించిన వాటి దిగుమతిని కూడా అదే సంవత్సరం ఆపివేశారు. 2020 నాటి కాస్మెటిక్స్ నిబంధనలు ఈ నిషేధాన్ని కొనసాగించాయి. కాబట్టి ఇక్కడే తయారై ఇక్కడే అమ్ముడయ్యే క్రీము ‘జంతువులపై పరీక్షించలేదు’ అని చెప్పుకుంటే, అది చట్టాన్ని పాటించానని చెప్పుకోవడమే. అందుకోసం ఎక్కువ ధర చెల్లించనక్కరలేదు.

అయితే అసలు ప్రశ్న ముడిపదార్థాల దగ్గర మొదలవుతుంది. తుది ఉత్పత్తిని ఏ జంతువుపైనా పరీక్షించకపోయినా, అందులో కలిపిన రసాయనాన్ని సరఫరాదారు మరో దేశంలో పరీక్షించి ఉండవచ్చు. 1944లో రూపుదిద్దుకున్న డ్రేజ్ పరీక్షలో కుందేలు కంట్లో పదార్థాన్ని వేసి, ఆ కన్ను ఎంత దెబ్బతింటుందో రోజుల తరబడి గమనించేవారు. అలాంటి హింసకు మన డబ్బు తోడు కాకూడదని కోరుకునేవారు ముడిపదార్థాల దాకా అడిగి తీరాలి. క్రూయల్టీ ఫ్రీ అని ధ్రువీకరించే లీపింగ్ బన్నీ ముద్ర ఉన్న సంస్థ తన సరఫరాదారుల నుంచి హామీలు సేకరించి, బయటివారి తనిఖీకి ఒప్పుకోవాలి. జంతు హక్కుల సంస్థ పెటా జాబితా ప్రధానంగా సంస్థ రాసి ఇచ్చే హామీపై ఆధారపడుతుంది. ఈ రెండూ కాకుండా సంస్థ తానే గీయించుకున్న కుందేలు బొమ్మకు ఏ విలువా లేదు. ముద్ర ఇచ్చిన సంస్థ వెబ్‌సైటులో ఆ బ్రాండు పేరు వెతికితే నిమిషంలో తేలిపోతుంది.

క్రూయల్టీ ఫ్రీ అన్నంత మాత్రాన అందులో జంతు సంబంధ పదార్థాలు లేవని కాదు. తేనెమైనం, గొర్రె ఉన్ని నుంచి తీసే లానొలిన్, పురుగుల నుంచి తీసే ఎర్రరంగు కార్మైన్ అందులో ఉండవచ్చు. ఈ రంగును జాబితాలో సి.ఐ. 75470 అని రాస్తారు. సబ్బులో ‘సోడియం టాలోవేట్’ కనిపిస్తే అది జంతువుల కొవ్వుతో చేసినదని గ్రహించాలి. ఆకుపచ్చ చుక్క పదార్థాలు శాకాహార సంబంధమని చెబుతుంది గానీ పరీక్షల సంగతి చెప్పదు. శాకాహారులకు, జంతు సంబంధమైనవేవీ వాడని వీగన్లకు ఈ తేడా ముఖ్యం.

2. లైసెన్సు, చిరునామా, బ్యాచి నంబరు చూడండి

తయారీ లైసెన్సు నంబరు, తయారీదారు పూర్తి చిరునామా, బ్యాచి నంబరు, గడువు తేదీ, పదార్థాల జాబితా లేని సీసాను ఎంత ఆప్తులు సిఫారసు చేసినా కొనవద్దు. దిగుమతి సరుకుకు రిజిస్ట్రేషన్ సర్టిఫికెట్ నంబరు ఉండాలి. ఇంట్లోనే చేశామని ఇన్‌స్టాగ్రామ్‌లో అమ్మేవాటిలో చాలావరకు ఈ మెట్టు దగ్గరే ఆగిపోతాయి.

3. పదార్థాల జాబితా చదవండి

ఎక్కువ సమయం వెచ్చించవలసిన మెట్టు ఇదే. పదార్థాలను పరిమాణాన్ని బట్టి ఎక్కువ నుంచి తక్కువకు రాయాలి. ఒక శాతం లేదా అంతకంటే తక్కువ ఉన్నవాటిని మాత్రం చివర్లో ఏ వరుసలోనైనా రాయవచ్చు. దీని వల్ల కొనేవారికి ఒక మంచి ఆనవాలు దొరుకుతుంది. ఫినాక్సీఇథనాల్ అనే నిల్వకారిని (ఉత్పత్తి పాడవకుండా కలిపే ప్రిజర్వేటివ్‌ను) ఒక శాతానికి మించి వాడకూడదు. కనుక జాబితాలో దాని తరువాత వచ్చేవన్నీ ఒక శాతమో అంతకంటే తక్కువో ఉన్నట్టే. పెట్టె ముందు భాగమంతా కుంకుమపువ్వు బొమ్మ వేసి, వెనక ‘క్రోకస్ సటైవస్’ అన్న పేరు ఫినాక్సీఇథనాల్ తరువాత ఎక్కడో ఉంటే, మీరు బొమ్మకు డబ్బు ఇస్తున్నారన్నమాట. పసుపు ‘కర్కుమా లోంగా’గా, వేప ‘అజాడిరాక్టా ఇండికా’గా, కలబంద ‘ఆలో బార్బడెన్సిస్’గా, మంచిగంధం ‘శాంటాలమ్ ఆల్బమ్’గా, అతిమధురం ‘గ్లిసిరైజా గ్లాబ్రా’గా కనిపిస్తాయి. ఈ కొన్ని పేర్లు గుర్తుంటే జాబితా చాలావరకు అర్థమవుతుంది. ఆయుర్వేద లైసెన్సుతో వచ్చేవాటిపై ఏ మూలిక ఎంత పరిమాణంలో ఉందో కూడా రాస్తారు గనుక వాటిని పోల్చి చూడటం ఇంకా సులువు.

‘98 శాతం సహజం’ అన్న లెక్కను అలాగే నమ్మవద్దు. ఐ.ఎస్.ఓ. (అంతర్జాతీయ ప్రమాణాల సంస్థ) వారి 16128 పద్ధతి ప్రకారం నీటిని కూడా సహజ పదార్థంగా కలిపి లెక్క చెప్పవచ్చు. డెబ్బై శాతం నీరు ఉన్న లోషనుకు పెద్ద అంకె రావడం కష్టమేమీ కాదు. నీటిని మినహాయిస్తే ఎంత అని సంస్థకు రాసి అడగండి. జవాబు ఇవ్వగలిగినవారు, దాటవేసేవారు అక్కడే వేరుపడతారు. సేంద్రియ సౌందర్య సాధనాలకు ఇచ్చే కాస్మోస్ ఆర్గానిక్ వంటి ముద్రలకు స్పష్టమైన షరతులున్నాయి. ముఖంపై ఉంచుకునే ఉత్పత్తి మొత్తంలో కనీసం 20 శాతం, కడిగేసే ఉత్పత్తిలో కనీసం 10 శాతం సేంద్రియ పదార్థాలు ఉండాలి.

సహజమైనదంతా చర్మానికి మేలు చేస్తుందన్న నమ్మకాన్ని కూడా ఇక్కడే సరిచూసుకోవాలి. ఇందుకు మన సున్నిపిండిలో వేసే బావంచాలే మంచి ఉదాహరణ. వాటి గింజల నుంచి తీసే బాకుచియాల్, ముడతలు తగ్గించడానికి వాడే రెటినాల్‌కు బదులుగా నేడు ఎన్నో సహజ సీరంలలో కనిపిస్తోంది. 2019లో ప్రచురితమైన ఒక పరిశోధనలో 44 మంది 12 వారాలు వాడినప్పుడు, ముడతల మీదా మచ్చల మీదా అది రెటినాల్‌తో సమానంగా పనిచేసింది. పొట్టు రేగడం, మంట రెటినాల్ వాడినవారిలోనే ఎక్కువగా కనిపించాయి. అయితే అది శుద్ధి చేసిన బాకుచియాల్ సంగతి. ముడి గింజలోనూ నూనెలోనూ సోరలెన్లు అనే రసాయనాలు ఉంటాయి. అవి చర్మం మీద ఉండగా ఎండ తగిలితే కాలిన గాయాలు, నల్ల మచ్చలు ఏర్పడతాయి. బొల్లి చికిత్సలో వైద్యులు సోరలెన్లను అతినీలలోహిత కిరణాలతో కలిపి వాడేది ఈ గుణం వల్లనే. కాబట్టి జాబితాలో ‘బాకుచియాల్’ అని ఉంటే పరీక్షించి చూడవచ్చు, ‘సోరాలియా కోరిలిఫోలియా’ (బావంచాల శాస్త్రీయ నామం) గింజల నూనె అని ఉంటే పగటిపూట ముఖానికి రాయకూడదు. నిమ్మ తొక్క నూనె విషయంలోనూ ఇదే జాగ్రత్త అవసరం.

సుగంధ తైలాలు కూడా మొక్కల నుంచి వచ్చినవే అయినా, అలర్జీ కలిగించేవాటిలో ముఖ్యమైనవి. ఐరోపాలో లినలూల్, లిమొనీన్, జెరానియాల్, సిట్రాల్, యూజెనాల్ వంటివాటిని పేరుపేరునా రాయాలన్న నియమం ఉంది. మన దగ్గర తరచు ‘పర్‌ఫ్యూమ్’ అన్న ఒక్క మాటతో సరిపెడతారు. త్వరగా ఎర్రబడే చర్మం ఉన్నవారు, వాసన ఎంత మధురంగా ఉన్నా, సుగంధం కలపని ఉత్పత్తినే ఎంచుకోవాలి.

‘నిల్వకారులు అసలే లేవు’ అన్న ప్రకటన నాకు భరోసా ఇవ్వదు, ఆందోళన కలిగిస్తుంది. నీరు మొదటి పదార్థంగా ఉన్న క్రీములో నిల్వకారి లేకపోతే సూక్ష్మజీవులు పెరుగుతాయి. అవి కంటికి కనిపించే ముందే ముఖానికి చేరతాయి. నీరు కలవని నూనెలు, బామ్‌లు, పొడులు తడి చేతులు తగలకుండా చూసుకున్నంత కాలం నిల్వకారి లేకుండానే నిలుస్తాయి. సోడియం బెంజోయేట్, పొటాషియం సార్బేట్ వంటి సున్నితమైన నిల్వకారులు ఆమ్ల గుణం ఉన్న ఉత్పత్తిలోనే బాగా పనిచేస్తాయి. చవకగా దొరికే, ఆమ్ల గుణాన్ని కొలిచే పి.హెచ్. పట్టీలతో దీన్ని ఇంట్లోనే చూడవచ్చు. టోనర్, సీరం వంటివి 4.5 నుంచి 5.5 మధ్య ఉంటే చర్మానికీ నిల్వకూ మంచిది. చేత్తో చేసిన సహజ సబ్బు సాధారణంగా 9, 10 చూపిస్తుంది. దానితో ముఖం బిగుసుకుపోతే మూలికల లోపం కాదు, సబ్బు స్వభావమే అంత.

4. త్వరగా తెల్లబరుస్తామనే వాటిని వెంటనే వదిలేయండి

వారం పది రోజుల్లో రంగు తేలుతుందని చెప్పే ‘మూలికల’ క్రీమును పరీక్షించనే వద్దు. అలాంటి వాటిలో పాదరసమో స్టెరాయిడో రహస్యంగా కలిపిన ఘటనలు ఎన్నో బయటపడ్డాయి. 2023లో కేరళలోని మలప్పురం జిల్లాలో మూత్రపిండాల జబ్బుతో వచ్చిన కొందరి విషయంలో, చిరునామా సరిగా లేని ఫెయిర్‌నెస్ క్రీములే కారణమని వైద్యులు గుర్తించారు. మానేసిన కొద్ది రోజులకే ముఖం మండి ఎర్రబడి, మళ్ళీ రాస్తేనే తగ్గుతున్నట్టయితే స్టెరాయిడ్ ఉందని అనుమానించి చర్మవైద్యులను కలవాలి.

5. ముందు చేతి మీద, తరువాత ముఖం మీద

సెట్టు కొనవద్దు. అందులో ఒక్క వస్తువును, వీలైతే చిన్న సీసాను మాత్రమే కొనండి. మోచేతి మడత లోపల రూపాయి బిళ్ళంత చోట రోజుకు రెండు పూటలా, ఏడు నుంచి పది రోజుల వరకు రాయండి. ఫేస్‌వాష్ వంటివాటిని అయిదు నిమిషాలు ఉంచి కడగండి. ఒక్క రోజు రాసి ఏమీ కాలేదని తృప్తిపడకూడదు, ఎందుకంటే అలర్జీ తరచు రెండు మూడు రోజుల తరువాత బయటపడుతుంది. వెంటనే వచ్చే చురుకు సాధారణంగా చర్మపు చికాకు మాత్రమే. ఆలస్యంగా మొదలై పాకే దురద, పొక్కులు అలర్జీకి గుర్తులు. కళ్ళు, పెదవులు వాచినా ఊపిరి ఆడకపోయినా ఆలస్యం చేయకుండా ఆసుపత్రికి వెళ్ళాలి. చేతి మీద ఏ ఇబ్బందీ లేకపోతే చెవి కింద దవడ దగ్గర కొన్ని రోజులు రాసి, మొటిమలు వస్తాయేమో చూడండి.

ఆ తరువాత అసలు పరీక్ష. కొత్త ఉత్పత్తిని ముఖానికి ఒక పక్కనే రాసి, రెండో పక్కన ఇప్పటికే వాడుతున్నదాన్ని కొనసాగించండి. ఈ కాలంలో సబ్బు, ఆహారం, మందులు మార్చవద్దు. వారానికొకసారి ఒకే కిటికీ వెలుతురులో, అదే దూరం నుంచి రెండు పక్కలా ఫోటో తీసి, ఏ పక్క ఏది రాశారో చెప్పకుండా ఇంట్లో ఒకరికి చూపించండి. ఖరీదు పెట్టి కొన్నదాన్ని మెచ్చుకోవాలని మన కన్నే తొందరపడుతుంది గనుక మరొకరి చూపు అవసరం. పొడిబారడం తగ్గిందో లేదో రెండు వారాల్లో తెలుస్తుంది. పైపొర మారడానికి సుమారు నాలుగు వారాలు, మచ్చలు పలచబడటానికి ఎనిమిది నుంచి పన్నెండు వారాలు పడుతుంది. రోహిణీ కార్తెలో చెమట పట్టే చర్మంపై పరీక్షించిన మాయిశ్చరైజర్ మార్గశిరపు చలిలో చాలకపోవచ్చు. ఏ కాలంలో వాడదలచారో ఆ కాలంలోనే పరీక్షించాలి.

సన్‌స్క్రీన్‌కు ఈ పద్ధతి వర్తించదు. ఎండ నుంచి ఎంత రక్షణ ఇస్తుందో చెప్పే అంకె అయిన ఎస్.పి.ఎఫ్.ను ఇంట్లో కొలవలేము, ఎండలో నిలబడి పరీక్షించడం ప్రమాదం. కొబ్బరినూనె వంటివి ఎండ నుంచి కాపాడతాయన్న మాటను నమ్మి మన ఎండల్లో బయటకు వెళ్ళకూడదు. ఎస్.పి.ఎఫ్.ను ఏ ప్రమాణం ప్రకారం, ఏ ప్రయోగశాలలో కొలిచారని సంస్థను అడగండి. ఐ.ఎస్.ఓ. 24444 అనే జవాబు వస్తే, మనుషులపై ప్రామాణిక పద్ధతిలో పరీక్షించారని అర్థం.

6. రోజు ఖర్చు లెక్కవేసి నిర్ణయించండి

900 రూపాయల 30 మిల్లీలీటర్ల సీరం రోజుకు ఒక మిల్లీలీటరు చొప్పున నెల వస్తుంది, అంటే రోజుకు 30 రూపాయలు. ఆ 30 రూపాయలకు తగిన తేడా ఫోటోల్లో కనిపించిందా అన్నదే ప్రశ్న. అర నిమిషంలో కడిగేసే ఫేస్‌వాష్‌లో అరుదైన మూలికలకు ఎక్కువ చెల్లించడం దండుగ. చేతిలో ఉన్న డబ్బును గంటల తరబడి చర్మంపై ఉండే మాయిశ్చరైజర్, సన్‌స్క్రీన్‌ల మీద పెట్టడం మేలు. ఒకే బ్రాండులో మాయిశ్చరైజర్ బాగుంటే దాన్నే కొనండి, మిగతా నాలుగూ కొననవసరం లేదు.

పరీక్షలో నెగ్గినదాని ఖాళీ పెట్టెను దాచుకోండి. సంస్థలు అదే పేరుతో పదార్థాలను మారుస్తూ ఉంటాయి గనుక రెండో సీసా కొనేటప్పుడు పాత జాబితాతో సరిపోల్చి, మార్పు ఉంటే చేతి మీద పరీక్ష మళ్ళీ చేయాలి. చర్మానికి హాని జరిగితే సీసా, బిల్లు, ఫోటోలు భద్రపరచి సంస్థకు రాయండి. డబ్బు వాపసు, తప్పుడు ప్రకటనల వంటి విషయాలకు జాతీయ వినియోగదారుల సహాయ కేంద్రం నంబరు 1915. లైసెన్సు లేని, కల్తీ అని అనుమానమున్న సరుకు గురించి మాత్రం మీ రాష్ట్ర ఔషధ నియంత్రణ అధికారులకు బ్యాచి నంబరుతో సహా ఫిర్యాదు చేయాలి.