కొత్త డ్యాక్ పెట్టినా పాట పాతగానే వినిపిస్తోందా? సమస్య - పరిష్కారం

ఇంటర్నెట్ నుంచి పాటలు తెచ్చి వినిపించే స్ట్రీమర్ గానీ, డిజిటల్ సంకేతాన్ని అనలాగ్‌గా మార్చే డ్యాక్ గానీ కొత్తగా తెచ్చుకున్నవారి నుంచి తరచుగా వినిపించే ఫిర్యాదు ఒకటే: ఖర్చు కనిపిస్తోంది గానీ తేడా వినిపించడం లేదు. అనుమానం వెంటనే కేబుళ్ల మీదికి, పవర్ సప్లై మీదికి పోతుంది. లోపం అక్కడ దొరకడం చాలా అరుదు. పాట పరికరం దాకా ఏ దారిన, ఏ రూపంలో వస్తోందో చూడటానికి అయిదు నిమిషాలు చాలు. ఎన్నిసార్లు చెప్పినా జనం దాటవేసేది సరిగ్గా ఆ అయిదు నిమిషాలనే.

లక్షణం: లాస్‌లెస్ (నాణ్యత ఏమాత్రం తగ్గని పాటల) చందా ఉంది, అయినా పాట పలచగా ఉంది

మొదట యాప్‌లోని ఆడియో క్వాలిటీ సెట్టింగ్ చూడండి. చాలా యాప్‌లలో వైఫైకి, మొబైల్ డేటాకు, డౌన్‌లోడ్‌లకు విడివిడి సెట్టింగులు ఉంటాయి. ఒకటి మార్చినంత మాత్రాన మిగతావి మారవు. పాత సెట్టింగ్‌తో దించుకున్న పాటలు పాత నాణ్యతతోనే ఉండిపోతాయి కనుక వాటిని తొలగించి మళ్లీ దించుకోవాలి.

తర్వాత దారి సంగతి. స్ట్రీమర్‌లో వైఫై ఉన్నా, అలవాటు కొద్దీ ఫోన్‌ను బ్లూటూత్‌తో జతచేసి వింటున్నవారు మీరు అనుకునే దానికన్నా చాలా ఎక్కువ. సీడీ నాణ్యత గల పాటను కుదించకుండా పంపాలంటే సెకనుకు 1411 కిలోబిట్లు కావాలి. బ్లూటూత్‌లో సర్వసాధారణమైన, శబ్దాన్ని కుదించి పంపే ఎస్‌బీసీ పద్ధతి సుమారు 328 దగ్గరే ఆగుతుంది. దానికన్నా మెరుగైన ఎల్‌డీఏసీ పద్ధతి కూడా గరిష్ఠంగా 990 మాత్రమే. యాప్‌లోని పరికరాల జాబితా నుంచి స్ట్రీమర్‌ను ఎంచుకుంటే, ఆ సదుపాయం ఉన్న చోట స్ట్రీమర్ పాటను నేరుగా ఇంటర్నెట్ నుంచే తెచ్చుకుంటుంది, ఫోన్ రిమోట్‌గా మిగులుతుంది. నిజంగా అలాగే జరుగుతోందా అన్న సందేహం ఉంటే, పాట నడుస్తుండగా ఫోన్‌ను పూర్తిగా స్విచాఫ్ చేయండి. పాట ఆగకపోతే దారి సరైనదే.

లక్షణం: డ్యాక్ మీద పెద్ద అంకె వెలుగుతోంది, పాటలో ప్రాణం లేదు

కంప్యూటర్‌కో ఫోన్‌కో యూఎస్‌బీ ద్వారా డ్యాక్‌ను కలిపినవారి ఇబ్బంది ఇది. అనుభవం ఉన్నవారిని కూడా బోల్తా కొట్టించే కారణం ఇక్కడే దాగి ఉంది కనుక కాస్త వివరంగా చెబుతాను.

డ్యాక్ ముందుభాగంలోని చిన్న తెర మీద 192 అని కనిపించగానే, హై-రెజల్యూషన్ పాట వింటున్నామని యజమాని నిశ్చింతగా ఉంటాడు. ఆ అంకె చెప్పేది డ్యాక్ దాకా చేరిన సంకేతపు శాంపిల్ రేటు (సెకనుకు శబ్దాన్ని ఎన్ని వేలసార్లు కొలిచారన్నది) మాత్రమే; ఆ సంకేతం మొదట ఏ రేటులో ఉండేదో దానికి తెలియదు. 320 కిలోబిట్లకు కుదించిన పాటను ఆపరేటింగ్ సిస్టమ్ 192 కిలోహెర్ట్జ్‌కు సాగదీసి పంపినా తెర మీద 192 అనే వెలుగుతుంది. నీళ్లు కలిసిన పాలను పెద్ద గిన్నెలోకి వంపినంత మాత్రాన చిక్కబడవు కదా.

ఇలా జరగడానికి కారణం సిస్టమ్‌లోని మిక్సర్. బ్రౌజర్, నోటిఫికేషన్, మ్యూజిక్ యాప్, వీటన్నిటి శబ్దాన్నీ ఒకే రేటుకు మార్చి, కలిపి, బయటికి పంపడం దాని పని. న్యాయంగా చెప్పాలంటే 44.1 కిలోహెర్ట్జ్ పాటను 48కి మార్చడం వల్ల మాత్రమే వచ్చే తేడాను, ఆ మార్పిడి సక్రమంగా జరిగితే, పట్టుకోగల చెవులు చాలా తక్కువ. అసలు నష్టం అదే దారిలో కూర్చున్న మిగతా వాటి వల్ల జరుగుతుంది. ల్యాప్‌టాప్‌లోని బుల్లి స్పీకర్ల కోసం తయారీదారు పెట్టిన బాస్ బూస్ట్, సరౌండ్ ఎఫెక్ట్, ఫోన్‌లోని ఈక్వలైజర్ వంటివి ఒక్కోసారి యూఎస్‌బీ డ్యాక్‌కూ వర్తిస్తాయి. వీటికి తోడు విండోస్ మిక్సర్‌లో పూర్తి స్థాయికి చేరుకునే శిఖరాలను కిందికి నొక్కే లిమిటర్ కూడా ఉంది. ఈ కాలపు రికార్డింగులు ఎక్కువగా ఆ అంచుమీదే నడుస్తాయి కాబట్టి తబలా దెబ్బ పదును తగ్గుతుంది, గాత్రం వెనక్కి జరిగినట్టు ఉంటుంది, కింది స్వరాలు ముద్దగా వినిపిస్తాయి. డ్యాక్ మాత్రం తనకు అందినదాన్ని తు.చ. తప్పకుండా వినిపిస్తూనే ఉంటుంది.

నిర్ధారణకు రెండు పరీక్షలు చాలు. 44.1 కిలోహెర్ట్జ్ పాట ఒకటి, 96 కిలోహెర్ట్జ్ పాట ఒకటి వరుసగా వేసి డ్యాక్ తెరనో, రంగులు మారే దీపాన్నో గమనించండి; పాట మారినా అంకె మారకపోతే మధ్యలో ఎవరో చెయ్యి పెడుతున్నారని అర్థం. రెండోది మరీ సులువు: పాట నడుస్తుండగా మీకు మీరే ఒక సందేశం పంపుకోండి. ఆ నోటిఫికేషన్ మోత పాటతోపాటు పెద్ద స్పీకర్లలోంచి వచ్చిందంటే, మీ పాట కూడా మిక్సర్ గుండానే వస్తోంది.

విండోస్‌లో సౌండ్ సెట్టింగులలో డ్యాక్ పేరు మీద నొక్కి, ఆడియో ఎన్‌హాన్స్‌మెంట్స్‌ను ఆపేయండి. ఆ తర్వాత మ్యూజిక్ యాప్‌లో ఎక్స్‌క్లూజివ్ మోడ్ ఉంటే దాన్ని ఆన్ చేయండి. టైడల్, కోబజ్ సంగీత సేవల డెస్క్‌టాప్ యాప్‌లలో ఇది ఉంది. మిక్సర్‌ను పక్కకు నెట్టి యాప్ నేరుగా డ్యాక్‌తో మాట్లాడేది ఆ మోడ్‌లోనే. అది లేని యాప్ అయితే డిఫాల్ట్ ఫార్మాట్‌ను 24 బిట్, 44.1 కిలోహెర్ట్జ్ దగ్గర పెట్టండి, ఎందుకంటే సీడీల నుంచి వచ్చిన సంగీతమంతా ఆ రేటులోనే ఉంటుంది. ఇక్కడ ఒక మెలిక ఉంది. డ్యాక్‌ను వేరే యూఎస్‌బీ పోర్టులో గుచ్చితే విండోస్ చాలాసార్లు దాన్ని కొత్త పరికరంగా లెక్కగట్టి, మీరు మార్చినవన్నీ మొదటికి తెస్తుంది. దుమ్ము తుడవడానికి వైరు తీసి పక్క పోర్టులో పెట్టి, "నిన్నటి దాకా బాగానే ఉంది" అనేవారి కథ చాలావరకు ఇదే.

మ్యాక్‌లో ఆడియో మిడి సెటప్ తెరిచి చూడండి. అక్కడ ఒకసారి పెట్టిన రేటు, పాట మారినా అలాగే ఉండిపోవడం మామూలే. ఆండ్రాయిడ్‌లో అన్నిటినీ 48 కిలోహెర్ట్జ్‌కు మార్చడం సర్వసాధారణం. ఆండ్రాయిడ్ 14 నుంచి యూఎస్‌బీ డ్యాక్‌కు మార్పు లేకుండా పంపే వీలు వచ్చింది గానీ, ఫోన్, యాప్ రెండూ దాన్ని వాడుకుంటేనే ప్రయోజనం. లేకపోతే సొంత డ్రైవర్‌తో పనిచేసే యూఎస్‌బీ ఆడియో ప్లేయర్ ప్రో వంటి యాప్ పెట్టుకోవడం మేలు.

లక్షణం: ఏవీ రిసీవర్‌కు (హోం థియేటర్ స్పీకర్లను నడిపే పెట్టెకు) ఏ డ్యాక్ కలిపినా ఒకేలా ఉంది

సరౌండ్ రిసీవర్లలో చాలావరకు, అనలాగ్ ఇన్‌పుట్‌లోకి వచ్చిన సంకేతాన్ని మళ్లీ డిజిటల్‌గా మార్చి, గదికి తగ్గట్టు శబ్దాన్ని సవరించే లెక్కలు చేసి, తమ సొంత డ్యాక్ ద్వారా బయటికి పంపుతాయి. మీ కొత్త డ్యాక్ పనితనం ఆ లోపలి మార్పిడిలో మునిగిపోతుంది. రిమోట్ మీద ఆ మార్పిడిని తప్పించే ప్యూర్ డైరెక్ట్ లాంటి మోడ్ ఉంటే పెట్టి వినండి. లేదా స్ట్రీమర్ నుంచి, సంకేతాన్ని కాంతి రూపంలో మోసే ఆప్టికల్ కేబుల్‌ను నేరుగా రిసీవర్‌కు ఇచ్చి, డ్యాక్ ఖర్చు మిగుల్చుకోండి.

లక్షణం: మొదట అద్భుతం, తర్వాత మామూలు

ఇది శబ్ద తీవ్రత చేసే మోసం. సాధారణంగా డ్యాక్ వెనుక ఉండే మామూలు ఆర్‌సీఏ అవుట్‌పుట్ 2 వోల్టులు, బ్యాలెన్స్‌డ్ (ఎక్స్‌ఎల్‌ఆర్) అవుట్‌పుట్ 4 వోల్టులు ఇస్తుంది. అంటే 6 డెసిబెల్స్ తేడా. ఎక్కువ తీవ్రతతో వచ్చేది ఏదైనా మెరుగ్గానే తోస్తుంది. రెండింటి స్థాయినీ సమానం చేయకుండా పోల్చిన ఏ తీర్పుకూ విలువ లేదు.

మిగతావి

పాట ఆగినా స్పీకర్లలో గుయ్‌మని మోత ఉంటే గ్రౌండ్ లూప్ (పరికరాల ఎర్త్ తీగల మధ్య తిరిగే అనవసర విద్యుత్తు) కావచ్చు. యూఎస్‌బీ తీసేసి ఆప్టికల్ పెడితే ఆ మోత పోతే నిర్ధారణ అయినట్టే, ఎందుకంటే ఆప్టికల్ కేబుల్‌లో విద్యుత్ సంబంధమే ఉండదు. పాట మధ్యమధ్య తెగుతుంటే వైఫై బదులు ఈథర్‌నెట్ వైరు పెట్టండి. జిట్టర్ (డిజిటల్ సంకేతపు సమయంలో వచ్చే సూక్ష్మ తడబాటు) గురించి, ఖరీదైన యూఎస్‌బీ కేబుళ్ల గురించి పై పరీక్షలన్నీ పూర్తయ్యేదాకా ఆలోచించనవసరం లేదు. పూర్తయ్యాక ఆ ఆలోచన రాదు కూడా. ఒక వైపు మాత్రమే శబ్దం రావడం లేదంటే డ్యాక్ వెనుక కుడి, ఎడమ కేబుళ్లను తారుమారు చేయండి: నిశ్శబ్దం రెండో వైపుకు మారితే లోపం డ్యాక్‌లో గానీ దానికి ముందు గానీ ఉంది, మారకపోతే కేబుల్ నుంచి స్పీకర్ దాకా ఎక్కడో ఉంది.